ఎద్దు మెడలో గంట, ఫోను తెర మీద ఆట



ఈ పేజీలో మిరప తోటలో తామర పురుగు గురించో, యార్డులో క్వింటా రేటు గురించో రాస్తే చదివేవాళ్లు ఎక్కువ. ఇవాళ రాసేది మాత్రం మన జేబులో ఉండే ఫోను తెర గురించి. ఆ తెర మీద కనపడే బొమ్మలు, బటన్లు, రంగులు, కదలికలు, టింగుమనే శబ్దాలు, వాటి గురించి. "పైరు సంగతి వదిలేసి ఈ పిల్లకాయల గోలేందబ్బా" అనుకోవద్దు. పెద్ద పోస్టే, ముందే చెబుతున్నా. తీరిగ్గా చదవండి.

ఎందుకు రాస్తున్నానంటే, మన సేద్యంలో సగం పని ఇప్పుడు ఆ తెర మీదకి ఎక్కింది. అడంగల్ చూడాలన్నా, 1బి తీయాలన్నా, పంట నమోదు అయిందో లేదో తెలుసుకోవాలన్నా, పీఎం కిసాన్ విడత కోసం ఇ-కేవైసీ చేయాలన్నా, వాన ఎప్పుడో, యార్డులో రేటెంతో చూడాలన్నా ఏదో ఒక వెబ్‌సైటు తెరవాల్సిందే. ఆ తెర అర్థమైన మనిషికి ఐదు నిమిషాల పని. అర్థం కాని మనిషి ఒక పూట పని పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని టౌనుకి పోయి, ఎవరో తెలియని కుర్రాడి చేతిలో ఫోను పెట్టి, వచ్చిన ఓటీపీ కూడా పైకి చదివి చెప్పి వస్తాడు. అంటే తెర ఎలా గీశారన్న దాన్ని బట్టి మన భూమి కాగితం, మన బ్యాంకు ఖాతా మన చేతిలో ఉంటాయా, పరాయి చేతిలో ఉంటాయా అనేది తేలుతుంది. ఇదేమీ చిన్న సంగతి కాదు.

మా ఊళ్లో పెద్దవాళ్లు ఒక మాట అంటుంటారు. "సర్కారు కాగితం లాంటి పనికి ఈ ఎగిరే బొమ్మలు, ఊగే బటన్లు ఎందుకు? తిన్నగా రాసి పెడితే చాలదా?" అని. ఆ మాటలో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ నేను గమనించినంతలో ఆ ఆటల్లో చాలా వాటికి పని ఉంది. ఎద్దు మెడలో గంట కట్టేది అందానికేనా? సంత చూసుకుని రాత్రిపూట తిరిగొచ్చేటప్పుడు బండి తోలేవాడు కునుకు తీసినా, మువ్వల చప్పుడు వినపడుతుంటే ఎడ్లు నడుస్తున్నట్టే. చప్పుడు ఆగిందా, వెంటనే మెలకువ వచ్చేది. తుప్పల్లోకి మేతకి పోయిన గొడ్డు ఎక్కడుందో గంటే చెప్పేది. చూడ్డానికీ బాగుండేది, పనీ చేసేది. ఫోను తెర మీద మంచి ఆట కూడా అలాంటిదే అని నా మాట.

మనకి కొత్త విద్యేం కాదు

ఇలా తెరలు గీసే పనిని డిజైన్ అంటున్నారు, దానికి పెద్ద పెద్ద చదువులు ఉన్నాయి. కానీ మన బోరు దగ్గర స్టార్టరు డబ్బా చూడండి. మూడు లైట్లు: ఎరుపు, పసుపు, నీలం. మూడూ వెలిగితే మూడు ఫేజులూ వచ్చినట్టు. ఒకటి ఆరితే మోటారు వేయం, వేస్తే కాలిపోద్దని మనకి తెలుసు. పచ్చ బటన్ నొక్కితే నడుస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. చదవాల్సిన అక్షరం ఒక్కటీ లేదు. చీకట్లో, బురద కాళ్లతో పోయినా తేడా రాదు. పైగా నొక్కగానే లోపల 'టక్' మని పడుతుంది చూడండి, ఆ చప్పుడు వింటేనే మనకి నమ్మకం. చప్పుడు రాకపోతే నీళ్లు రావని కాలువ దాకా పోకముందే తెలిసిపోతుంది.

పురుగుమందు డబ్బా తీసుకోండి. దాని మీద మూలకి నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపు ఉంటే అన్నిటికంటే ఘోరమైన విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆఖరున ఆకుపచ్చ. ఎరుపు ఉన్న వాటి మీద పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఇది ఉంది. ఆకుపచ్చ ఉంటే విషం లేదని కాదు, తక్కువని. ఇంగ్లీషు రాని కూలీ మనిషి కూడా డబ్బా తిప్పి చూసి గుడ్డ కట్టుకోవాలా, ఎంత జాగ్రత్త పడాలా అని తెలుసుకోగలిగేలా ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన రంగులవి.

అంతకంటే ముందుది ఓటు గుర్తు. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో ఎక్కువమందికి చదువు రాదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. బొమ్మ చూసి ఓటు వేశారు జనం. ఇప్పుడు మిషను వచ్చినా గుర్తు అలాగే ఉంది. నీలం బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, బీప్ మని మోగుతుంది. పక్కనున్న పెట్టెలో మనం వేసిన గుర్తు ఉన్న చీటీ 7 సెకన్లు కనపడి పడిపోతుంది. మా నాయనమ్మ బడి మొహం చూడని మనిషి. ఓటు మాత్రం ఎవరి సాయమూ లేకుండా వేసేది. "బీప్ మన్నదిరా" అని నవ్వుకుంటూ బయటికి వచ్చేది.

ఈ మూడింట్లో ఉన్న సూత్రం ఒకటే. నువ్వు ఎక్కడున్నావు, నువ్వు నొక్కింది తగిలిందా లేదా, ఇప్పుడు జరుగుతున్నదేంటి, ఈ మూడూ చదువుతో పని లేకుండా చెప్పాలి. ఫోను తెర మీద మంచి ఆటలన్నీ చేసేది కూడా ఇదే.

తెర మీద ఆటలు, వాటి వెనక పని

అందరికీ తెలిసింది వాట్సాప్ టిక్కులు. ఒక టిక్కు పడితే మన దగ్గర నుంచి పోయింది. రెండు పడితే అవతల ఫోనుకి చేరింది. రెండూ నీలం అయితే చదివారు. నీలం టిక్కు 2014 నవంబరులో వచ్చింది. వ్యాపారికి సరుకు ఫోటో పంపించి కూర్చున్నప్పుడు ఆ నీలం టిక్కు విలువేంటో మనకి తెలుసు. చదివాడు, జవాబు ఇవ్వలేదు అంటే బేరం ఆలోచిస్తున్నాడని. ఒకటే టిక్కు ఉంటే పాపం ఆయన ఫోనుకి నెట్టు లేదని. రెండు చిన్న గీతలు, ఎంత కబురు మోస్తున్నాయో చూడండి.

ఇంకోటి. ఏదైనా పేజీని వేలితో కిందికి లాగి వదిలితే కొత్త సమాచారం వస్తుంది. లాగేటప్పుడు రబ్బరులా సాగుతుంది, వదలగానే వెనక్కి పోతుంది, పైన చిన్న చక్రం తిరుగుతుంది. ఇది లోరెన్ బ్రిక్టర్ అనే అమెరికా కుర్రాడు తన ట్వీటీ అనే యాప్‌లో పెట్టింది, 2009లో. తర్వాత ఏడాది ఆ యాప్‌ని ట్విట్టర్ కొనేసింది, ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అంతకు ముందు దానికోసం ఒక బటన్ వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు బావిలో చేద లాగినట్టు లాగడమే. లాగుతున్నప్పుడు చేతికి బరువు తెలిసినట్టు ఉంటుంది. వదిలాక తిరిగే చక్రం "పోయి తెస్తున్నా, ఆగు" అంటుంది. ఆట తీసేయండి, పని కూడా పోతుంది.

క్రోమ్‌లో బల్లి లాంటి జంతువు పరిగెత్తే ఆట చూసుంటారు, నెట్టు పోయినప్పుడు వస్తుంది. అది డైనోసార్. 2014లో పెట్టారు. నెట్టు లేకపోతే మనిషి ఆదికాలానికి పోయినట్టే అని వాళ్ల చమత్కారం. ఫోనులో అయితే ఆ బొమ్మ మీద తాకితే పరిగెత్తడం మొదలెడుతుంది, దారిలో ముళ్ల చెట్లు వస్తే గెంతించాలి. దీన్ని ఎక్కువగా ఆడేది నెట్టు సరిగ్గా అందని, డేటా ఖరీదైన దేశాల్లోనేనని, వాటిలో మన భారతదేశం, బ్రెజిల్, మెక్సికో, ఇండోనేషియా ఉన్నాయని గూగుల్ వాళ్లే 2018లో చెప్పారు. మన పొలాల్లో సిగ్నల్ సంగతి వాళ్లకి తెలిసినట్టే! ఇందులో పనేంటంటారా? అదివరకు నెట్టు పోతే ఇంగ్లీషులో ఏదో పెద్ద హెచ్చరిక వచ్చేది, మన ఫోను చెడిపోయిందేమో, మనం ఏదో పాడు చేశామేమో అని గుండె దడ. ఇప్పుడు డైనోసార్ కనపడితే మా అబ్బాయే కాదు, మా ఆవిడ కూడా "నెట్టు పోయింది, ఫోను బానే ఉంది" అంటుంది. భయం తీసేసింది. అది పెద్ద పని.

ఆపిల్ కంప్యూటర్లలో తప్పు పాస్‌వర్డ్ కొడితే ఆ పెట్టె అటూ ఇటూ ఊగుతుంది, కాదు కాదు అని తల ఊపినట్టు. దాని గురించి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మన తెలుగోళ్ల తల ఊపుడు చూసి గీయలేదు వాళ్లు, చూసుంటే సరేనంటున్నదో కాదంటున్నదో తేలక తికమక పడేవాళ్లు. కానీ ఆలోచన మాత్రం మంచిది. ఎర్ర అక్షరాల్లో గద్దించకుండా, ఇంట్లో మనిషిలా తల అడ్డంగా ఊపింది.

ఇక పని ఎంత అయిందో చూపే గీత. ఎడమ నుంచి కుడికి నిండుతూ పోతుందే, అది. బ్రాడ్ మయర్స్ అనే ఆయన 1985లో దీని మీద పరిశోధన చేసి, జనం ఆ గీత ఉంటేనే ఇష్టపడుతున్నారని చూపించాడు. పని తొందరగా అవడం సంగతి అలా ఉంచి, ఎంత అయిందో తెలిస్తేనే మనిషి నిమ్మళంగా ఉంటాడు. ఎకరం తడవడానికి ఎన్ని గంటలో తెలిసినవాడు గట్టు మీద హాయిగా కూర్చుంటాడు, తెలియనివాడు పావుగంటకోసారి లేచి చూస్తాడు. ఇదీ అంతే. మన దగ్గర కొన్ని వెబ్‌సైట్లలో బటన్ నొక్కాక తెర తెల్లగా అయిపోయి ఏ ఉలుకూ పలుకూ ఉండదు. పోయిందో లేదో తెలియక మళ్లీ నొక్కుతాం, మళ్లీ నొక్కుతాం. డబ్బు కట్టే పేజీ అయితే ఇంకేముంది, రెండుసార్లు కట్టేశామేమో అని ఆ రాత్రి నిద్ర పట్టదు.

అందం కోసం పని పోగొట్టిన రోజులూ ఉన్నాయి

అన్ని ఫ్యాషన్లూ మంచివని నేను అనడం లేదు. మొదట్లో ఐఫోను తెర మీద నోట్సు రాసే చోటు పసుపు కాగితాల పుస్తకంలా ఉండేది. బటన్లు ఉబ్బెత్తుగా, నొక్కమన్నట్టు ఉండేవి. 2013లో వాటన్నిటినీ తీసేసి చదునుగా, శుభ్రంగా చేశారు. మిగతా కంపెనీలూ అప్పటికి అదే బాటలో ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఏది బటనో, ఏది ఉత్త రాతో తేలకుండా పోయింది. అలవాటు పడిన కుర్రాళ్లకి ఇబ్బంది లేదు, కొత్తగా ఫోను పట్టిన పెద్దవాళ్లకి మాత్రం గోడకి తలుపు ఎక్కడుందో కనపడనట్టు అయింది. ఇప్పుడు మళ్లీ గాలి మారింది. 2025లో గూగుల్ వాళ్లు పెద్ద బటన్లు, ముదురు రంగులు, స్ప్రింగులా కదిలే బొమ్మలతో కొత్త పద్ధతి తెచ్చారు. అదే ఏడాది ఆపిల్ వాళ్లు గాజులా మెరిసే బటన్లు తెచ్చారు. నాకు ఆ మొదటిది నచ్చింది. గాజు మెరుపు మన ఎండలో ఎంతవరకు కనపడుతుందనేది నాకు అనుమానమే.

ఎండ అంటే గుర్తొచ్చింది. 2019లో ఆండ్రాయిడ్, ఐఫోను రెండింటికీ నల్ల తెర పద్ధతి వచ్చింది, డార్క్ మోడ్ అంటారు. రాత్రి మోటారు వేయడానికి లేచినప్పుడు కళ్లకి హాయిగా ఉంటుంది. కొన్ని రకాల తెరల్లో బ్యాటరీ కూడా కలిసొస్తుంది. కానీ మిట్టమధ్యాహ్నం చేలో నిలబడి చూడాలంటే తెల్ల తెర మీద నల్ల అక్షరమే మేలు. మా కుర్రాళ్లు ఫ్యాషనని పగలూ రాత్రీ నల్ల తెరే పెట్టుకుని, ఎండలో చేతులు అడ్డం పెట్టుకుని ఫోనులోకి తొంగి చూస్తుంటారు. పగటికి ఒకటి, రాత్రికి ఒకటి మారేలా సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు, చేసుకోండి.

మూడు అడ్డగీతల గుర్తు తెలుసు కదా, తెర పై మూలలో ఉంటుంది. నార్మ్ కాక్స్ అనే ఆయన 1981లో జిరాక్స్ స్టార్ అనే కంప్యూటర్ కోసం గీశాడు. చాలా చోట్ల అసలైన సరుకంతా ఆ మూడు గీతల కిందే దాక్కుని ఉంటుంది. తెలుగు భాష ఎంచుకునే చోటు కూడా ఒక్కోసారి అక్కడే. మా బాబాయి ఒకాయన రెండేళ్ల పాటు ఒక వెబ్‌సైటుని ఇంగ్లీషులోనే తిప్పలు పడి వాడాడు. ఆ గీతలు నొక్కితే తెలుగు వస్తుందని తెలిశాక "దీన్ని ఇంత లోపల ఎందుకు దాచారురా, వడ్ల పాతరా ఇది?" అన్నాడు. చోటు కలిసి రావాలని తెచ్చిన గుర్తు అది. చోటు కలిసొచ్చింది, మనిషికి దారి తప్పింది. కొత్త పేజీ తెరిచి దిక్కు తోచకపోతే ముందు ఆ మూడు గీతలు నొక్కి చూడండి.

బటన్ సైజు గురించి ఒక లెక్క ఉంది. పాల్ ఫిట్స్ అనే అమెరికా శాస్త్రవేత్త 1954లోనే చెప్పాడు. తాకాల్సింది ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే అంత తొందరగా, అంత గురిగా తాకుతాం అని. వినడానికి ఇదీ ఒక శాస్త్రమేనా అనిపిస్తుంది. కానీ పార పట్టి కాయలు కాసిన మన బొటనవేలితో, గోరంత బటన్ నొక్కబోయి పక్కది నొక్కిన వాళ్లకి తెలుసు అది ఎంత పెద్ద శాస్త్రమో. ఇప్పుడు ముఖ్యమైన బటన్లని తెర కింది వైపుకి తెస్తున్నారు, ఒంటి చేత్తో పట్టుకున్నా బొటనవేలికి అందేలా. ఐఫోనులో అడ్రసు కొట్టే గడిని కూడా 2021లో కిందికి దించారు. ఒక చేతిలో తాడో, టిఫిను క్యారియరో ఉండే మనలాంటి వాళ్లకి ఇది అసలైన మేలు.

తెర చూడక్కర్లేని తెర కూడా ఉంది. టీ కొట్టు దగ్గర డబ్బాలోంచి "పది రూపాయలు అందాయి" అని మాట వస్తుంది చూడండి. ఆ కొట్టాయన చేతిలో ఒక పక్క గిన్నె, ఒక పక్క వడగట్టే గుడ్డ. ఫోను తీసి చూసే తీరిక లేదు. డబ్బా పలికింది, నమ్మాడు, పని చేసుకుపోయాడు. మోటారు స్టార్టరు 'టక్' మన్నట్టే. నన్నడిగితే మన దేశంలో వచ్చిన వాటిలో చాలా తెలివైన ఏర్పాటు అది.

గంట కట్టిన ఎద్దా, గాలం కట్టిన ఎరా

ముందు పెద్దవాళ్ల మాటలో కొంత నిజం ఉందన్నాను కదా, ఇక్కడికి వద్దాం. ఆటని మేలుకీ వాడొచ్చు, ఎరగానూ వాడొచ్చు. గీకితే బహుమతి వచ్చే కార్డులు, గుండ్రంగా తిరిగే చక్రాలు, "ఇంకా 9 నిమిషాలే" అని వెనక్కి పరిగెత్తే గడియారం, "ముగ్గురు ఇప్పుడే ఇది కొన్నారు" అని టపటపా వచ్చే చీటీలు. ఇవి మనం ఎక్కడున్నామో చెప్పవు. మన చేతిని తొందరపెడతాయి. దళారి చెవిలో "ఇప్పుడంటే ఇప్పుడే ఈ రేటు, మధ్యాహ్నానికి ఉండదు" అంటాడే, ఆ గొంతే ఇక్కడ బొమ్మ వేసుకుని వచ్చింది.

వీటికి ఇంగ్లీషులో డార్క్ ప్యాటర్న్స్ అని పేరు. హ్యారీ బ్రిగ్నల్ అనే ఆయన 2010లో పెట్టాడు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న వీటి మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 13 రకాల్ని పేరు పేరునా చెప్పింది. ఉత్తుత్తి తొందర పెట్టడం ఒకటి. మనం తీసుకోని వస్తువుని బిల్లులోకి చల్లగా దూర్చడం ఒకటి. "వద్దు" అనే బటన్ మీద "నాకు నా కుటుంబ భద్రత అక్కర్లేదు" అని రాసి సిగ్గుపడేలా చేయడం ఒకటి. చేరడానికి ఒక్క నొక్కుడు, బయటికి రావడానికి పది మెలికలు పెట్టడం ఇంకోటి. ఇలాంటివి కనపడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాలకి.

ఒక విత్తనాలు, మందులు అమ్మే వెబ్‌సైటులో నేను రెండు సామాన్లు పెట్టుకుంటే బిల్లులో మూడు వచ్చాయి. మూడోది ఏదో "రక్షణ ప్లాను", ముందే టిక్కు పెట్టి ఉంది. చూశాను కాబట్టి తీసేశాను. తీసేసే టిక్కు మాత్రం ఆవగింజంత, లేత బూడిద రంగులో. కొనే బటన్ చూస్తే మేడిపండంత, నారింజ రంగులో మెరిసిపోతోంది. ఫిట్స్ గారి లెక్క వాళ్లకీ తెలుసు మరి! ఎటు వాడుకున్నారన్నదే తేడా.

ఇంకొకటి చెప్పి ఈ సంగతి ముగిస్తా. ఎంత కిందికి పోయినా పేజీ అయిపోకపోవడం చూశారా, రీల్సులో, ఫేస్‌బుక్‌లో. దీన్ని 2006లో ఏజా రాస్కిన్ అనే ఆయన తయారు చేశాడు. బటన్ నొక్కే శ్రమ తప్పించాలనే చేశాడు పాపం. తర్వాత జనం గంటలు గంటలు అందులో కొట్టుకుపోవడం చూసి తానే బాధపడ్డాడు. మడి నిండాక మడవ కట్టేయకపోతే ఏమవుద్ది? నీళ్లు పారుతూనే ఉంటాయి, పైరు మునుగుద్ది. గట్టు లేని మడి అది. పూర్వపు పేజీకి కింద 1, 2, 3 అని అంకెలు ఉండేవి, అది గట్టు. ఆ గట్టు దగ్గర మనిషి ఒక్క క్షణం ఆగి "చాల్లే, పొద్దెక్కింది" అనుకునేవాడు.

అందుకే నేను ఒకటే పరీక్ష పెట్టుకున్నా. తెర మీద ఏదైనా ఊగినా, మెరిసినా, మోగినా అడుగుతాను: ఇది నాకేమైనా చెబుతోందా, నన్ను తొందరపెడుతోందా? చెబితే గంట. తొందరపెడితే గాలం. వాట్సాప్‌లో "రైతులకి కొత్త పథకం, ఈ ఫైలు నొక్కండి" అని ఏపీకే ఫైలు వస్తే, దాని మీద ఎన్ని జెండాలు, ఎన్ని ముద్రలు, ఎంత మెరుపు ఉన్నా అది గాలమే. నొక్కొద్దు.

మన పేజీలు మనకి తగ్గట్టు ఎలా ఉండాలి

వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. ఆకుపచ్చ అంటే భయం లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండు, నారింజ అంటే సిద్ధంగా ఉండు, ఎరుపు అంటే పనిలోకి దిగు. నాలుగు రంగులతో జిల్లా మొత్తం తెలిసిపోతుంది. కల్లంలో మిరపకాయలు ఆరబోసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఎరుపు చూస్తే పట్టాలు కప్పుతాడు. మేఘదూత్ అనే యాప్ కూడా ఉంది, అందులో మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ సలహాలు వస్తాయి, తెలుగులోనూ ఉంటాయి.

నాకొక కోరిక ఉంది. వాన పడ్డాక "12 మిల్లీమీటర్లు" అని అంకె చూపిస్తారు. ఆ అంకె పక్కనే చిన్న నేల బొమ్మ వేసి తడి ఎంత లోతుకి దిగిందో నీలం రంగు కిందికి పాకినట్టు చూపిస్తే ఎలా ఉంటుంది? కింద "దుక్కి పదును" అనో, "విత్తనానికి చాలదు" అనో రాస్తే? నల్లరేగడి అయితే ఒకలా, ఎర్రనేల అయితే ఇంకోలా. పిల్లలు కూడా ముచ్చటపడి చూస్తారు, మనకి మాత్రం విత్తాలా ఆగాలా అనే ప్రశ్నకి దారి దొరుకుతుంది. పదును అనే మాట మనకి తాతల నాటి నుంచి ఉంది. కంప్యూటర్ వాళ్లకి తెలియదు, ఎవరూ చెప్పలేదు కాబట్టి.

మిగతావి చిన్న కోరికలే. మొదటి తెర మీదే తెలుగు ఉండాలి, మూడు గీతల కింద కాదు. ఒక్కో తెర మీద ఒక్కటే ప్రశ్న అడగాలి. సర్వే నెంబరు తప్పు కొడితే ఆ ఒక్క గడే ఎరుపు చేసి చూపాలి, కొట్టినవన్నీ చెరిపేసి మళ్లీ మొదటికి తోయకూడదు. నాలుగు మెట్ల పని అయితే పైన నాలుగు గుండ్రాలు పెట్టి, అయినదానికి పచ్చ టిక్కు వేస్తూ పోవాలి. పని అయిపోయాక టింగుమని చిన్న గంట మోగి "మీ పని అయింది, ఇదిగో నెంబరు" అని రావాలి.

ఈ గుండ్రాలు, పచ్చ టిక్కులు ఉన్న పేజీ ఒకటి పోయిన నెలలో మా బాబాయి చేతిలో చూశాను, ఆ వడ్ల పాతర మాట అన్నాయనే. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరకి జార్చి, ఒక్కో టిక్కు పడగానే "రెండయ్యాయి", "మూడయ్యాయి" అని పైకి లెక్కపెడుతున్నాడు. నేను సాయం చేయబోతే చేయి అడ్డం పెట్టాడు. ఓటీపీ వచ్చింది, ఎవరికీ చెప్పలేదు, తానే కొట్టాడు. నాలుగోది పడింది. "టౌనుకి పోయే పని తప్పింది" అన్నాడు, అంతే. చుట్ట వెలిగించుకున్నాడు. ఆ తెర గీసిన మనిషెవరో నాకు తెలియదు. ఆ నాలుగు గుండ్రాలు అందానికి పెట్టాడని ఎవరన్నా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇక మీకో పని చెబుతా. జేకబ్ నీల్సన్ అనే ఆయన 2000 సంవత్సరంలో ఒక మాట రాశాడు. ఒక వెబ్‌సైటులో తప్పులు తెలియాలంటే వేలమంది అక్కర్లేదు, ఐదుగురి చేత వాడించి చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయని. ఐదుగురంటే మన రచ్చబండ మీద సాయంత్రం కూర్చునే జనం కదా! ఈ వారంలో ఒకరోజు మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఫోను ఇవ్వండి. మీరు రోజూ వాడే వ్యవసాయం పేజీ ఏదైనా సరే, తెరవమనండి. మీరు నొక్కొద్దు, ఫోను లాక్కోవద్దు, విసుక్కోవద్దు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిపోయిందో, ఎక్కడ మొహం చిట్లించారో, ఎక్కడ నవ్వారో చూడండి చాలు. అది కింద రాయండి, ఏ పనికోసం తెరిచారో కూడా రాయండి. ఊళ్లోని మన పిల్లల్లో ఈ చదువు చదివేవాళ్లు, హైదరాబాదులో, బెంగళూరులో ఈ ఉద్యోగమే చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఈ పోస్టు పంపించండి. మనం రాసినవన్నీ ఒక చోట చేర్చి వాళ్ల చేతిలో పెడదాం.

మిరప రేట్ల పోస్టు ఎల్లుండి పెడతాను. అందరికీ ఉంటా మరి.